అన్నీ ఎడం చేతులే

సోమవారం పొద్దున పని మొదలై గంట కాకముందే కత్తెరమ్మ కిటికీని మూడుసార్లు తెరిచి మూడుసార్లు మూసింది. తెరిస్తే వీధి దుమ్ము వచ్చి బల్ల మీది తెల్లబట్ట మీద వాలుతుంది. మూస్తే ఆమెకి ఊపిరాడదు. మిషన్ల ముందు కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ ఎవరూ పెదవి విప్పలేదు. కత్తెరమ్మతో మాట పడటం కన్నా దుమ్ము మింగడం నయమని ఈ నాలుగైదు నెలల్లో అందరికీ తెలిసొచ్చింది.

అది యూనిఫారాలు కుట్టే హాలు. బజారులో ఒక మేడ మీద, రెండో అంతస్తులో, పద్దెనిమిది మిషన్లు, ఒక పొడవాటి కోతబల్ల. బల్ల కత్తెరమ్మది. బట్ట తాను విప్పి పొర మీద పొర పరచడం, పై పొర మీద ఒక్కో ముక్క ఆకారంలో ఉన్న అట్టలు పెట్టి సుద్దబిళ్ళతో గీతలు గీయడం, కరెంటు కత్తి పట్టుకుని నలభై పొరల్నీ ఒక్కసారే కోయడం ఆమె పని. మిగతావాళ్ళు తప్పు కుడితే విప్పి మళ్ళీ కుట్టుకుంటారు. ఆమె తప్పు కోస్తే విప్పడానికి ఏమీ ఉండదు. తొమ్మిదేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా తప్పు కోయలేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు, ఆమెకి తెలుసన్న సంగతి హాలంతటికీ తెలుసు.

ఇప్పుడు బల్ల మీదున్నది డాక్టర్లు వేసుకునే తెల్లకోట్ల ఆర్డరు. రెండు విడతలు, విడతకి నలభై కోట్లు, అన్నీ పెద్ద సైజే. తెల్లబట్ట అంటే కత్తెరమ్మకి ఒకప్పుడు ముచ్చట. ఇప్పుడు భయం. పదహారు రోజులుగా ఆమెకి నెలసరి ఆగలేదు. ఏడాదిగా ఒక నెల మొహం చాటేసి, ఇంకో నెల రెండుసార్లు పలకరించి ఆమెని ఆటాడిస్తూనే ఉంది గానీ ఇంత మొండికెత్తడం ఇదే మొదలు. ముదురు నీలం, ముదురు గోధుమ తప్ప వేరే రంగు బట్టలు బీరువాలోంచి తీయడం మానేసింది. పావుగంటకోసారి ఏదో పడిపోయినట్టు వెనక్కి తిరిగి, బల్ల అంచుకి తను ఆనుకున్న చోటు చూసుకుంటోంది.

వారం దాటితే డాక్టరు దగ్గరికి వెళ్దామనుకుంది. వారం దాటింది. పది రోజులు చూద్దామనుకుంది. పదీ దాటాక, ఈ కోట్ల పని తెమిలితే వెళ్దామనుకుంది. ఇలా గడువులు పెట్టడంలోనూ, వాటిని జరపడంలోనూ ఆమెకి ఆమే సాటి. నలభై మంది డాక్టర్లకి కోట్లు కోస్తోంది గానీ ఒక్క డాక్టరు మొహం చూడటానికి ఆమెకి తీరిక దొరకడం లేదు.

ఎవరికీ చెప్పలేదా అంటే, చెప్పింది. అక్కకి ఫోన్ చేసి చెబితే ఆవిడ నవ్వి పారేసింది. ఈ వయసులో అందరికీ ఇంతేననీ, వాళ్ళ అత్తగారికి ఏడాదిన్నర ఇలాగే అయ్యి తనంతట తనే ఆగిపోయిందనీ, ఒంట్లో వేడి చేసిందంతేననీ, చల్లటివి తాగమనీ చెప్పి, వెంటనే తన మోకాళ్ళ సంగతి ఎత్తుకుంది. ఇంట్లో ఆయనకి తెలిసిందల్లా ఫ్యాను సంగతి. ఫ్యాను ఐదు మీద తిరగాలని ఈవిడ, రెండు చాలని ఆయన. చివరికి ఆయన స్వెటరు వేసుకుని, ఉన్నిటోపీ చెవుల దాకా లాక్కుని పడుకోవడానికి అలవాటు పడ్డాడు. నేను నిన్ను చేసుకున్నానా, చలికాలాన్ని చేసుకున్నానా అని ఆయన అడిగితే నవ్వాల్సింది పోయి ఆమె ఒంటికాలి మీద లేచింది. తర్వాత స్నానాల గదిలో కూర్చుని ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో ఆమెకే తెలియలేదు.

వంటింట్లో క్యాలెండరు ఉంది గానీ దాని మీద కూతురి పరీక్షల తేదీలున్నాయి. అందరూ చూసేది. అందుకని ఆమె తన లెక్కని ఎవరూ ముట్టుకోని చోట పెట్టుకుంది. పెద్ద సైజు కోటు చెయ్యి అట్ట ఒకటుంది. ఆ సైజు ఆర్డరు ఏడాదికోసారి కూడా రాదు. ఆ అట్ట వెనక్కి తిప్పి, పనిలోకి రాగానే పెన్సిలుతో రోజుకో నిలువు గీత గీసుకునేది. వేడి ఎన్నిసార్లు ఎగదన్నితే అన్ని చుక్కలు. నిద్ర లేని రాత్రికి గీత మీద అడ్డగీత. గంటకోసారి గుడ్డ మార్చాల్సి వచ్చిన రోజుకి గీత చుట్టూ సున్నా. తీరా చూస్తే ఆమె ఖర్మ కొద్దీ ఈ ఆర్డరు పెద్ద సైజుదే వచ్చింది. అట్టని బల్ల మీదికి తేక తప్పలేదు. గీతలు కిందికి ఉండేలా పెట్టుకుని పని చేస్తోంది.

కోటు వెనక భాగం, ముందు భాగాలు, కాలరు గీయడం అయింది. చెయ్యి అట్ట పెట్టి ఒక చెయ్యి గీసింది. బట్ట అంతా ఒకే వైపు మొహం పెట్టి పరిచింది కాబట్టి, రెండో చెయ్యి గీయాలంటే అట్టని బోర్లా తిప్పాలి. తిప్పితే కుడి చెయ్యి. తిప్పకపోతే మళ్ళీ ఎడమే. ఇది పని నేర్చుకునేవాళ్ళకి మొదటి రోజు చెప్పే పాఠం. ఆమె అట్ట అంచు పట్టుకుని తిప్పబోతుండగా సూపర్‌వైజరు వచ్చి సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు.

అతన్ని హాల్లో అందరూ చాటుగా గడియారం అంటారు. మనిషితో మాట్లాడుతూ మణికట్టు వైపు చూడటం అతని అలవాటు. చెడ్డవాడు కాదు, పైనున్న యజమానికి భయపడేవాడు. శుక్రవారానికి మొదటి విడత వెళ్ళాలని, ఏం చేస్తారో తెలియదని, యజమాని అడుగుతున్నారని మొదలుపెట్టాడు. మాట్లాడుతూ రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు. అతని ముక్కు కింద ఆ గీతలూ సున్నాలూ బయటపెట్టడం కన్నా చావు మేలనిపించింది కత్తెరమ్మకి. అట్టని తిప్పకుండా అలాగే పక్కకి జరిపి, దాని చుట్టూ సుద్ద పోనిచ్చింది. అతను పోగానే చెరిపి సరిగ్గా గీద్దామనుకుంది.

అతను పోలేదు. ఆమెకి మాత్రం కడుపులోంచి బయల్దేరిన సెగ మెడ మీదుగా చెవుల దాకా పాకింది. గుండె దడదడ కొట్టుకుంది. చేతిలో సుద్ద తడిసి ముద్దయింది. ఇప్పుడే వస్తానని చెప్పి బాత్రూంలోకి పోయి, కుళాయి కింద తల పెట్టి, గుడ్డ మార్చుకుని, గోడకి ఆనుకుని కాసేపు నిలబడింది. తిరిగి వచ్చేసరికి గడియారం కత్తి ప్లగ్గు తనే పెట్టి సిద్ధంగా ఉంచాడు. తను ఏదో చేద్దామనుకుందని ఆమెకి గుర్తుంది. ఏమిటో గుర్తు రాలేదు. ఈమధ్య మాటలూ పనులూ ఇలాగే నాలుక చివరి దాకా వచ్చి జారిపోతున్నాయి. ఇనుప వలతో చేసిన తొడుగు ఎడమ చేతికి వేసుకుని, కత్తి మీట నొక్కింది. నలభై పొరల్లోంచి కత్తి వెన్నలో పోయినట్టు పోయింది. గీత మీంచి నూలుపోగంత కూడా తప్పలేదు.

మర్నాడు పదకొండు గంటలకి, చేతులు జతచేసే మిషను మీది ఆవిడ ఒక కోటు పట్టుకుని లేచి వచ్చింది. మొదట తనకే మతి పోయిందనుకుందట. రెండు చేతులూ ఎటు తిప్పినా ఒకే వైపు వంగుతున్నాయి. ఆవిడ వాటిని బల్ల మీద ఒకదాని మీద ఒకటి పెట్టింది. అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. చేతికి వెనక వైపు ఏదో తెలియడానికి అంచున పెట్టిన జంట గాట్లు రెండిట్లోనూ ఒకే పక్కన ఉన్నాయి. కత్తెరమ్మ కట్ట విప్పి ఇంకో రెండు తీసింది, ఇంకో నాలుగు తీసింది. ఎనభై చేతులూ ఎడం చేతులే.

హాల్లో మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఎవరో పక్కున నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు.

గడియారం వచ్చాడు, చూశాడు, మొహం పాలిపోయింది. ఆమెని తిట్టలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకి. అతను మెల్లగా, ఈమధ్య ఆమె మనసు పని మీద ఉండటం లేదని తనూ చూస్తున్నాననీ, కొన్నాళ్ళు గుండీల దగ్గర కూర్చోవడం మంచిదనీ, అక్కడ నిలబడే పని లేదనీ, వచ్చే వారం నుంచి బల్ల మీదికి కుర్రదాన్ని ఎవరినైనా చూస్తాననీ చెప్పాడు. చెప్పి, బీరువాలోంచి తప్పుల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఆ పుస్తకంలో తేదీ, ఏ ముక్క, ఎన్ని, ఎవరు, కారణం అని ఐదు గళ్ళు. చివర సంతకం. కోతబల్ల నుంచి అందులోకి ఎక్కేవి తక్కువ. ఎలా రాస్తారో చూద్దామని ఆమె పేజీలు వెనక్కి తిప్పింది. తొమ్మిదేళ్ళ కిందటి పేజీలో చెయ్యి ఆగిపోయింది. కాలర్లు అరవై, పొట్టిగా కోయబడినవి. కారణం అన్న గడిలో ఒకటే మాట: అజాగ్రత్త. కింద వణుకుతున్న సంతకం గుండీలక్కది. అజాగ్రత్త అన్న మాట మాత్రం కత్తెరమ్మ చేతిరాత. ఆ రోజు గడియారం కారణం ఏమిటని అడిగితే ఆమే చెప్పింది, ఆమే రాసింది. రాసిన వారానికి ఈ బల్ల గుండీలక్క నుంచి కత్తెరమ్మ చేతికి వచ్చింది.

గుండీలక్క హాలు చివర, కిటికీ లేని గోడ పక్కన కూర్చుని గుండీలు కుడుతుంది. యాభై ఆరేళ్ళ మనిషి, మాట తక్కువ. కత్తెరమ్మకి కత్తెర పట్టుకోవడం నేర్పింది ఆవిడే. అప్పట్లో కత్తెరమ్మ ఆవిడని 'అక్కా, నువ్వు' అనేది. బల్ల చేతులు మారిన దగ్గర్నుంచి 'అక్కా, మీరు' అంటోంది. మర్యాద పెరిగి మాట తగ్గింది.

గడియారం పెన్ను ఇచ్చి, మామూలుగా రాసేదే రాసి సంతకం పెట్టమన్నాడు. ఆమె నాలుగు గళ్ళు నింపింది. ఐదో గడి దగ్గర పెన్ను మూత పెట్టేసింది. ఆ ఒక్కటీ తర్వాత రాస్తానంది. అతను మణికట్టు వైపు చూసుకుని, సరేనని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అందరూ తినడానికి మెట్ల దగ్గరికి పోయారు. కత్తెరమ్మ బల్ల చుట్టూ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. ముక్కలు ఎత్తుతుంది, దించుతుంది, కట్టిన కట్టనే విప్పి కడుతుంది. గుండీలక్క వచ్చి బల్ల పక్కన నిలబడింది. ఒక ఎడం చెయ్యి తీసుకుని, వేళ్ళతో దాని అంచు తడిమి, కోత మాత్రం శుభ్రంగా ఉందని మెచ్చుకుంది. తర్వాత చెయ్యి అట్ట అందుకుని మామూలుగా వెనక్కి తిప్పింది. కత్తెరమ్మ ఆపేలోపే తిప్పేసింది.

గుండీలక్క కళ్ళజోడు సరిచేసుకుని అట్టని చాలాసేపు చూసింది. గీతలు వేలితో ఒక్కొక్కటే తడిమింది. పదిహేడు. చుక్కలు, అడ్డగీతలు, సున్నాలు. ఇవేమిటని అడగలేదు.

"ఇది కనబడకూడదనే తిప్పలేదా?" అంది.

కత్తెరమ్మ తల ఊపింది.

గుండీలక్క అట్టని బల్ల మీద బోర్లించి, పనిలోకి దిగింది. రెండో విడత బట్ట తాను ఎక్కడుందని అడిగింది. అదీ ఇదీ ఒకే మిల్లు నుంచి ఒకేసారి వచ్చిందా అంది. రెండు తానుల కొసలూ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో పక్కపక్కన పెట్టింది. తెలుపంతా ఒకటే అనుకునేవాళ్ళు బట్టతో పని చేయనివాళ్ళు. తెలుపులో నీలం తెలుపు, పసుపు తెలుపు, బూడిద తెలుపు ఉంటాయి, వాటిని కలిపి కుడితే కోటు చెయ్యి ఒక రంగు, ఒళ్ళు ఒక రంగు అయి పళ్ళికిలిస్తుంది. ఈ రెండూ మాత్రం ఒకటే తెలుపు. అయితే రెండో విడతకి ఎడం చేతులు కోయాల్సిన పనే లేదనీ, కుడివే ఎనభై కోస్తే రెండు విడతలకీ సరిపోతాయనీ, జానెడు బట్ట కూడా పాడు కాదనీ ఆవిడ చెప్పింది. ఇంత చిన్న లెక్క పొద్దుట్నుంచీ తనకెందుకు తట్టలేదో కత్తెరమ్మకి అర్థం కాలేదు. ప్రాణం లేచొచ్చినట్టయింది. అంతలోనే, రేపు పొద్దున్నే ఆ ఎనభై కోసేసి, శుక్రవారం సరుకు పంపించేసి, సోమవారం తప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్తానని చెప్పింది. గుండీలక్క ఆమె మొహం వైపు చూసి తన గుండీల దగ్గరికి పోయింది.

బుధవారం పొద్దున ఆ మెట్లు ఎక్కడానికి కత్తెరమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. మొత్తం ముప్పై నాలుగు మెట్లు. పన్నెండో మెట్టు దగ్గర ఆగింది. ఇరవయ్యో మెట్టు దగ్గర కమ్మీ పట్టుకుని ఆగింది. కళ్ళ ముందు తెల్లటి చుక్కలు తిరిగాయి. ఇరవై ఆరో మెట్టు మీద కూర్చుండిపోయింది. వెనకే వస్తున్న గుండీలక్క పక్కన చతికిలబడి, ఆమె కింది రెప్పని బొటనవేలితో కిందికి లాగి చూసింది. లోపల ఎరుపు లేదు.

"కుడి చేతులు కోసేసి వెళ్తానక్కా. రెండు గంటల పని," అంది కత్తెరమ్మ.



"నేనూ అలాగే అన్నాను," అంది గుండీలక్క. "ఈ పని అయ్యాక, ఆ పని అయ్యాక అనుకుంటూ పదకొండు నెలలు లాగాను. బల్ల పోయాక కూడా రెండు నెలలు లాగాను. ఒకరోజు బస్సు దిగుతూ పడిపోతే ఎవరో తీసుకెళ్ళి ఆస్పత్రిలో వేశారు. మూడు సీసాల రక్తం ఎక్కించారు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావని ఆ డాక్టరు అరిచాడు. కాలర్లు కోశానండీ, ఆ తర్వాత గుండీలు కుట్టానండీ అన్నాను."

అప్పుడు ఆవిడ మూడు వారాలు రాకపోవడం కత్తెరమ్మకి గుర్తుంది. జ్వరమన్నారు. చూడటానికి వెళ్దామని అనుకుని, కొత్త బల్ల సందడిలో వెళ్ళలేదు. ఆమెకి సిగ్గుతో మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏదో చెప్పబోయింది. గుండీలక్క వినిపించుకోలేదు. సంచీలోంచి అట్ట తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. నిన్న సాయంత్రమే తీసి దాచిందట.

"నోటితో చెప్పలేకపోతే ఇది చూపించు."

"అట్ట లేకపోతే ఇక్కడ కోసేదెలా?"

"నీ ఎడం చేతులు ఎనభై ఉన్నాయిగా. ఒకటి బోర్లా తిప్పితే అదే అట్ట," అంది గుండీలక్క. ఆ తర్వాత మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచి, ఒక్కతే పైకి ఎక్కిపోయింది.

కత్తెరమ్మ ఇరవై ఆరో మెట్టు మీద ఇంకాసేపు కూర్చుంది. పైన మిషన్లు మొదలైన చప్పుడు వినిపించింది. తను లేకుండా అవి మొదలవుతాయని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆయనకి ఫోన్ చేసింది. నాకు పద్దెనిమిది రోజులుగా ఆగడం లేదండీ, ఆస్పత్రికి వెళ్తున్నాను అంది. పద్దెనిమిది రోజులా అని అడిగి, ఇల్లు ఒకటే, గది ఒకటే, నాకెందుకు తెలియలేదని ఆయన తనలో తను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత అక్కడికే వస్తున్నానన్నాడు.

ఆస్పత్రి నాలుగు వీధుల అవతల. చీటీలు రాసే అమ్మాయి తల ఎత్తకుండా సమస్య ఏమిటని అడిగింది. వెనక వరసలో ఇద్దరు మగవాళ్ళున్నారు. కత్తెరమ్మ నోట అలవాటు కొద్దీ, వేడి చేసిందండీ అన్న మాట వచ్చేసింది. ఆ అమ్మాయి జ్వరం అని రాసి, నోట్లో థర్మామీటరు పెట్టి బెంచీ మీద కూర్చోబెట్టింది. నోట్లో ఆ గాజుపుల్ల పెట్టుకుని, చుట్టూ ఎవరూ తనని చూడటం లేదని గమనించి, ఇంత దాకా వచ్చి ఇదా నేను చెప్పింది అని ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండింది. వెళ్ళిపోదామా అని కూడా అనిపించింది. కాళ్ళలో లేచే ఓపిక లేక కూర్చుంది. అంతలో ఆయన వచ్చాడు. ఎండలో వచ్చినవాడు, చేతిలో మాత్రం ఆమె స్వెటరు పట్టుకొచ్చాడు. ఆస్పత్రిలో చల్లగా ఉంటుందేమోనని తెచ్చాడట. ఆమెకి రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వొచ్చింది.

డాక్టరు ఆమె కన్నా చిన్నది. చీటీ చూసి, జ్వరం లేదే అంది. డాక్టరు కోటు కుడి భుజం దగ్గర ముడత పడి ఉంది, చెయ్యి వెనక్కి లాగి జతచేశారు. దాని వైపే చూస్తూ, కత్తెరమ్మ సంచీలోంచి అట్ట తీసి బల్ల మీద గీతలు పైకి పెట్టింది. ఏ గుర్తు దేనికో చెప్పడం మొదలుపెట్టింది. పని గురించి చెబుతున్నట్టు చెబితే గొంతు వణకలేదు.

డాక్టరు పెన్సిలు మొనతో ఒక్కో గీతా ముట్టుకుంటూ లెక్కపెట్టింది. సున్నాల దగ్గర ఆగి మళ్ళీ మొదట్నుంచి చూసింది. తన గీతల్ని ఇంకో మనిషి అంత శ్రద్ధగా చదవడం చూసి కత్తెరమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాక్టరు అది చూసీ చూడనట్టు ఊరుకుంది.

"ఇంత బాగా రాసుకున్నారు. ఇన్నాళ్ళూ రాలేదేం?"

"అందరికీ అయ్యేదేగా అనుకున్నానండీ."

"నెలసరి ఆగిపోయే ముందు కొన్నేళ్ళు ఒళ్ళు ఇలా తికమక పడటం చాలామందికి ఉంటుందమ్మా. ఈ సెగలు, ఈ దడ, నిద్ర పట్టకపోవడం, మాట మర్చిపోవడం, అన్నీ అందులోవే అయి ఉండొచ్చు. కానీ ఇన్ని రోజులు, ఇంత రక్తం పోవడం మాత్రం ఊరుకునేది కాదు. వారం దాటినా ఆగకపోతే, గంటకోసారి మార్చాల్సి వస్తుంటే, అప్పుడే రావాలి. ఈ మొదటి సున్నా దగ్గరే రావాల్సింది." పెన్సిలు ఆ సున్నా మీద పెట్టింది. "అయినా అందరికీ అయ్యేదైతే మాత్రం ఓర్చుకోవాలని ఎక్కడుంది? జలుబు అందరికీ చేస్తుంది, ముక్కు తుడుచుకోవడం మానేస్తామా?"

రక్తం తీశారు. హిమోగ్లోబిన్ పన్నెండు ఉండాల్సిన చోట ఏడున్నర ఉంది. రక్తస్రావం తగ్గడానికి, ఐరన్‌కి మందులిచ్చి, మర్నాడు పొద్దున స్కానింగుకి రమ్మన్నారు. గర్భసంచి లోపలి పొర మందం ఎంతుందో చూడాలని డాక్టరు చెబితే, మిగతావన్నీ కంగారులో చెవిన పడకపోయినా పొర అన్న మాట మాత్రం కత్తెరమ్మకి బాగా అర్థమైంది. పొరల సంగతి ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

గురువారం స్కానింగులో పొర కొంచెం మందంగా ఉందన్నారు. భయపడాల్సింది ఏమీ కనబడలేదు గానీ ఆమె వయసుకి చూసుకోవడం మంచిదని, వచ్చే వారం చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతామన్నారు. ఆ మాటకి ఆయన మొహం వేలాడేశాడు. ఆమెకీ భయం వేసింది. కానీ ఈ భయానికి ఒక తేదీ ఉంది, ఒక గది నంబరు ఉంది. పద్దెనిమిది రోజులు మోసిన భయం కన్నా ఇది చేతికి తేలిగ్గా ఉంది. డాక్టరు ఆ అట్టని ఫోన్‌తో ఫోటో తీసుకుని వెనక్కిచ్చింది. ఇంట్లో పడుకోమని అందరూ చెప్పారు. ఒక్క సంతకం పెట్టి వస్తానని ఆమె పట్టుబట్టింది. ముప్పై నాలుగు మెట్లూ ఆయన మోచెయ్యి పట్టుకుని ఎక్కించి, తను బయటే నిలబడ్డాడు.

హాల్లోకి అడుగు పెట్టేసరికి బల్ల మీద ఎనభై కుడి చేతులు పదేసి చొప్పున కట్టలు కట్టి ఉన్నాయి. కత్తెరమ్మ ఒకటి తీసి అంచు తడిమింది. గాట్లు ఉండాల్సిన చోట ఉన్నాయి, లోతు ఒక్కటే. బల్ల ముందు గుండీలక్క నిలబడి ఉంది. ఎడమ చేతికి ఇనుప తొడుగు, మోచేతుల దాకా సుద్ద. రెండో విడత వెనక భాగాలు పరుస్తోంది. ఆవిడ నిలబడితే ఇంత పొడుగని కత్తెరమ్మ మర్చిపోయింది.

గడియారం వచ్చి ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, జవాబు కోసం ఆగకుండా యజమాని వచ్చి వెళ్ళిన సంగతి చెప్పాడు. కట్టలు చూసి, ఇంత శుభ్రంగా కోసే మనిషిని తొమ్మిదేళ్ళు గుండీల దగ్గర ఎందుకు కూర్చోబెట్టారని ఆయన అడిగాడట. కత్తెరమ్మకి ఒంట్లో కుదుటపడే దాకా బల్ల ఇద్దరూ కలిసి చూడండని గడియారం చెప్పి, ఆ తర్వాతి మాట కొంచెం ఇబ్బందిగా అన్నాడు. అప్పుడు పుస్తకంలో రాసింది మీరే కదా అన్నాడు.

"అవును. పుస్తకం తెండి," అంది కత్తెరమ్మ.

తెచ్చాడు. ఆమె తన వరస తీసి, ఖాళీగా ఉన్న ఐదో గడిలో, పంతొమ్మిది రోజులుగా రక్తస్రావం, చికిత్స జరుగుతోంది అని రాసి సంతకం పెట్టింది. గడియారం చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఇలాంటివి ఇందులో రాస్తారా అమ్మా అని గొణిగాడు. కారణం రాయమని ఉంది, కారణమే రాశానండీ అంది ఆమె. అతను మణికట్టు వైపు చూసుకున్నాడు. ఈసారి అక్కడ టైము చూశాడో లేదో చెప్పలేం. మెల్లగా తన కుర్చీ వైపు నడిచాడు.

కత్తెరమ్మ పేజీలు వెనక్కి తిప్పి, తొమ్మిదేళ్ళ కిందటి పేజీ తెరిచి, పుస్తకాన్ని పరిచిన తెల్లబట్ట పక్కన పెట్టింది. గుండీలక్క ఆ పేజీని చూడగానే గుర్తుపట్టింది. చూపు పక్కకి తిప్పుకుని బట్ట సరిచేస్తున్నట్టు నటించింది.

"ఇక్కడ నేను రాసింది తప్పక్కా," అంది కత్తెరమ్మ. "ఆ రోజు నిన్ను అడగకుండా రాశాను. ఏం రాయాలో నువ్వు చెప్పు."

గుండీలక్క చెయ్యి ఆగింది. నువ్వు అన్న మాట ఆవిడ చెవిన పడింది. మిషన్లన్నీ మోగుతూనే ఉన్నాయి. ఆవిడ ఇనుప తొడుగు వేళ్ళు ఒక్కొక్కటిగా లాగి తీసి, బల్ల మీద పెట్టింది.

"ఆ రోజుకి ఆగక ఇరవై రెండు రోజులు," అంది. "అదే రాయి."

కత్తెరమ్మ అజాగ్రత్త మీద ఒక గీత కొట్టి, పక్కన ఇరవై రెండు రోజులుగా రక్తస్రావం అని రాసింది. పెన్ను ఆవిడకి ఇచ్చింది. గుండీలక్క చేతికంటిన సుద్దని కొంగుకి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పాత సంతకం కింద కొత్త సంతకం పెట్టింది.